సంతానాపేక్షకు వయసు హద్దు ఉందా?

(అనంత కరుణామయుడు, అపార కృపాశీలుడు అయిన అల్లాహ్ పేరుతో)



కొన్నాళ్ల క్రితం జుమా నమాజు అయిన తరువాత ఒక సోదరుడు మస్జిదు అరుగు మీద కూర్చుని ఉన్నారు. అందరూ వెళ్లిపోయేదాకా ఆగి దగ్గరకు వచ్చారు. ఆయన భార్య బయట ఆటోలో కూర్చుని ఉంది. పెళ్లయి 24 ఏళ్లు. పిల్లలు లేరు. ఆయనకు 56, ఆమెకు 51. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. అందులో ఇన్నేళ్ల రిపోర్టులు, స్కానింగులు, మందుల చీటీలు.

"మౌలానా సాబ్! ఒక ఆసుపత్రిలో పిల్లలు పుట్టేలా చేస్తామంటున్నారు. కాని చట్టప్రకారం మా వయసు దాటిపోయిందట. మధ్యవర్తి ఒకడు కార్డులో వయసు తగ్గించి రాయిస్తానంటున్నాడు. అండం మాత్రం వేరే అమ్మాయిది తీసుకోవాలట. ఎకరం పొలం బేరానికి పెట్టాను. మా వాళ్లలో సగంమంది చేయించుకోమంటున్నారు, సగంమంది నవ్వుతున్నారు. మా ఆవిడ ఏడుస్తోంది. ధర్మం ఏమంటుందో చెప్పండి" అన్నారాయన.

ఈ నెల పాఠానికి ఆ ప్రశ్నే ఆధారం. ఇది ఆ ఒక్క దంపతుల ప్రశ్న కాదు. మన బస్తీల్లో, గ్రామాల్లో ఎన్నో ఇళ్లలో తలుపుల వెనుక ఈ ప్రశ్న ఉంది. కనుక తొందరపడకుండా ఒక్కొక్క మెట్టుగా పరిశీలిద్దాం.

సంతానాన్ని కోరుకోవడం తప్పు కాదు

ముందుగా ఒక విషయం మనసులో నాటుకోవాలి. పెద్ద వయసులో బిడ్డను కోరుకున్న వారిని దివ్యఖుర్ఆన్ ఎక్కడా ఎగతాళి చేయలేదు. హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) వృత్తాంతం మర్యమ్ సూరా ఆరంభంలోనే ఉంది. ఆయన ఎముకలు బలహీనపడ్డాయి, తల నెరిసింది, భార్య గొడ్రాలు. అయినా ఆయన మెల్లని స్వరంతో, ఏకాంతంలో తన ప్రభువును వేడుకున్నారు. ఆయన వేడుకోలు ఆలకించబడింది. హజ్రత్ యహ్యా (అలైహిస్సలాం) శుభవార్త అందింది.

అలాగే హూద్ సూరాలో, జారియాత్ సూరాలో హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం) ఇంటికి వచ్చిన అతిథుల ప్రస్తావన ఉంది. హజ్రత్ ఇస్‌హాఖ్ పుడతారన్న శుభవార్త విని ఆయన శ్రీమతి ఆశ్చర్యపోయారు. తాను ముసలిదాన్ని కదా, తన భర్త కూడా వృద్ధుడు కదా అని విస్తుపోయారు. దైవాజ్ఞ విషయంలో ఆశ్చర్యమెందుకని దైవదూతలు ఆమెకు సమాధానమిచ్చారు.

ఈ రెండు వృత్తాంతాల నుండి మనం రెండు పాఠాలు నేర్చుకోవాలి. మొదటిది, సంతానం కోసం పరితపించే మనసు గౌరవించదగిన మనసు. 50 ఏళ్ల స్త్రీ "నాకొక బిడ్డ కావాలి" అంటే పకపకా నవ్వే వారు దైవప్రవక్తల వేడుకోలును మరచిపోయిన వారే. రెండవది, అవి అల్లాహ్ ప్రత్యేకంగా చూపిన అద్భుతాలు. వాటిని చూపి "అప్పుడు పుట్టారు కదా, మనం ఎలాగైనా పుట్టించుకోవచ్చు" అని ధర్మసూత్రం తీయడం సరికాదు. ఆ మహనీయులు అడిగింది అల్లాహ్‌ను. వారు ఏ హద్దునూ దాటలేదు.

షూరా సూరా చివరి భాగంలో మరో సత్యం ఉంది. అల్లాహ్ తాను కోరిన వారికి ఆడపిల్లల్ని, తాను కోరిన వారికి మగపిల్లల్ని, కొందరికి ఇద్దరినీ ప్రసాదిస్తాడు. కొందరిని సంతానహీనులుగా ఉంచుతాడు. అంటే సంతానలేమి శాపం కాదు, శిక్ష కాదు. అది కూడా ఆయన జ్ఞానంలో, ఆయన శక్తిలో ఉన్న ఒక నిర్ణయమే.

వ్యాధికి మందు ఉంది, వార్ధక్యానికి లేదు

ఇక వైద్యం సంగతి. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వద్దకు కొందరు పల్లెవాసులు వచ్చి, మేము వైద్యం చేయించుకోవచ్చా అని అడిగారు. చేయించుకోవాలని ఆయన ఆదేశించారు. అల్లాహ్ ప్రతి వ్యాధికీ మందు సృష్టించాడనీ, ఒక్క ముసలితనానికి మాత్రం మందు లేదనీ తెలియజేశారు. ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది.

పాఠకులు ఈ హదీసును నిదానంగా ఆలోచించాలి. మన ప్రశ్నకు సగం సమాధానం ఇందులోనే ఉంది. 28 ఏళ్ల స్త్రీకి గర్భనాళాలు మూసుకుపోయాయి. 35 ఏళ్ల పురుషునికి వీర్యకణాలు తక్కువగా ఉన్నాయి. ఇవి వ్యాధులు. వీటికి చికిత్స పొందడం ధర్మసమ్మతమే కాదు, మంచి పని కూడా. కాని 55 ఏళ్ల స్త్రీకి బహిష్టు ఆగిపోయింది. ఇది వ్యాధి కాదు, వయసు. సృష్టికర్త దేహంలో పెట్టిన క్రమం. రూమ్ సూరాలో అల్లాహ్ మనిషి దశలను వివరించాడు. బలహీనతతో మొదలు, తరువాత బలం, ఆ తరువాత మళ్లీ బలహీనత, నెరసిన జుట్టు. ఈ క్రమాన్ని ఎవరూ తిప్పలేరు.

వ్యాధిని వ్యాధిగా, వయసును వయసుగా గుర్తించడమే ఈ పాఠంలోని మూలసూత్రం.

వైద్యులు ఏమంటున్నారు?

ఆడశిశువు పుట్టినప్పుడే ఆమె అండాశయాల్లో 10 నుండి 20 లక్షల అండకణాలు ఉంటాయి. కొత్తవి తయారు కావు. యుక్తవయసు వచ్చేసరికి 3, 4 లక్షలు మిగులుతాయి. 35 దాటాక సంఖ్య, నాణ్యత రెండూ వేగంగా తగ్గుతాయి. 45 దాటాక సొంత అండంతో బిడ్డ పుట్టడం, ఐవీఎఫ్ చేయించుకున్నా సరే, చాలా అరుదు. తల్లి వయసు 25 అయితే డౌన్ సిండ్రోమ్‌తో బిడ్డ పుట్టే అవకాశం సుమారు 1,250 మందిలో ఒకరికి. 40 ఏళ్లకు అది సుమారు 100 మందిలో ఒకరికి.

అయితే గర్భసంచి సంగతి వేరు. హార్మోన్ల మందులిచ్చి దాన్ని బహిష్టు ఆగిన తరువాత కూడా సిద్ధం చేయవచ్చు. కనుక ఒక యువతి అండాన్ని తెచ్చి, ఫలదీకరించి, 60 ఏళ్ల స్త్రీ గర్భంలో ప్రవేశపెట్టడం వైద్యానికి సాధ్యమే. కాని ఆ వయసులో గర్భిణికి రక్తపోటు, మధుమేహం, గుండెపై భారం, నెలలు నిండకముందే కాన్పు, ఆపరేషన్ అవసరం, ఇవన్నీ ఎక్కువవుతాయి. పురుషుని వయసు కూడా లెక్కలోకి రాదనుకోవడం అపోహ. తండ్రి వయసు పెరిగేకొద్దీ గర్భస్రావం, బిడ్డలో కొన్ని లోపాలు స్వల్పంగా అయినా పెరుగుతాయని వైద్యులు చెబుతున్నారు.

ప్రజలు ఏమంటున్నారు?

2019 సెప్టెంబరులో గుంటూరులో 70 ఏళ్లు పైబడిన ఒక స్త్రీ ఐవీఎఫ్ ద్వారా కవల ఆడపిల్లలకు జన్మనిచ్చింది. అండం దాతది. ఆ వార్త దేశమంతటా మారుమోగింది. అప్పుడు మన చుట్టూ వినిపించిన మాటలను గుర్తు చేసుకుందాం. కొందరు మిఠాయిలు పంచుకున్నంత సంబరపడ్డారు. గొడ్రాలనే మాట పడిన ఆమెకు ఇన్నాళ్లకు విముక్తి దొరికిందన్నారు. మరి కొందరు ఆ పిల్లలకు పదేళ్లు వచ్చేసరికి ఎవరుంటారని అడిగారు. వైద్య సంఘాల వారు కూడా ఆందోళన వెలిబుచ్చారు. అప్పటికి మన దేశంలో ఈ విషయమై చట్టం లేదు. భారత వైద్య పరిశోధనా మండలి 2005లో మార్గదర్శకాలు ఇచ్చింది గాని వాటికి చట్టబలం లేదు.

స్పెయిన్ దేశంలో 2006 డిసెంబరులో 66 ఏళ్ల స్త్రీ కవలలకు జన్మనిచ్చింది. అమెరికాలోని ఆసుపత్రిలో ఆమె తన వయసు 55 అని అబద్ధం చెప్పి చికిత్స పొందింది. తన తల్లి నూరేళ్లు దాటి బ్రతికింది కాబట్టి తానూ బ్రతుకుతానని ఆమె ధీమా. 2009 జూలైలో ఆమె క్యాన్సర్‌తో చనిపోయింది. అప్పటికి ఆ పిల్లలకు మూడేళ్లు కూడా నిండలేదు.

వేరే దేశాల్లోనూ ఈ చర్చ ఉంది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఖర్చుతో ఐవీఎఫ్ ఎవరికి ఇవ్వాలన్న దానిపై 2013లో వెలువడిన మార్గదర్శకాలు 40 ఏళ్ల లోపు వారికి మూడు విడతలు, 40 నుండి 42 మధ్య వారికి షరతులతో ఒక్క విడత అని సూచించాయి. అక్కడ ప్రశ్న, ప్రజల సొమ్మును ఫలితం తక్కువగా ఉండే చోట ఎంతవరకు ఖర్చు చేయాలన్నది. ఫ్రాన్స్‌లో 2021 చట్టం తరువాత స్త్రీ నుండి అండం తీయడానికి 43వ పుట్టినరోజు, గర్భంలో ప్రవేశపెట్టడానికి 45వ పుట్టినరోజు హద్దులయ్యాయి. తండ్రికి 60.

మన దేశంలో 2021 డిసెంబరులో చట్టం వచ్చింది. 2022 జనవరి 25 నుండి అమలవుతోంది. దాని ప్రకారం ఈ చికిత్స పొందే స్త్రీ వయసు 21కి పైన, 50కి లోపు ఉండాలి. పురుషుని వయసు 21కి పైన, 55కి లోపు ఉండాలి. అద్దెగర్భంపై వచ్చిన మరో చట్టంలో కూడా వయసు హద్దులున్నాయి. ఆ చట్టం రాకముందే పిండాలను శీతలీకరించి దాచుకున్న దంపతులకు ఆ హద్దును వెనక్కి వర్తింపజేయరాదని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

జనం అభిప్రాయాలను కూడగట్టి చూస్తే నాలుగు మాటలు తేలతాయి. ఒకటి, "వైద్యం ఉంది, డబ్బు ఉంది, అడ్డుపడటానికి మీరెవరు?" రెండు, "ఈ వయసులో ఇదేం ఆశ?" మూడు, "పుట్టే బిడ్డ గతేమిటి?" నాలుగు, "70 ఏళ్ల మగవాడు తండ్రయితే మొనగాడంటారు, ఆడదానికే హద్దులా?" ఈ నాలుగు మాటలనూ ధర్మం తూకంలో వేసి చూద్దాం.

షరీఅత్‌లో వయసు సంఖ్య ఉందా?

ఇన్ని సంవత్సరాలు దాటితే సంతానం కోసం చికిత్స పొందరాదని ఖుర్ఆన్‌లో గాని హదీసులో గాని సంఖ్య లేదు. ఈ మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. కాని వయసు అనే విషయాన్ని మన ధర్మవేత్తలు ఎరగనివారు కాదు. తలాఖ్ సూరాలో బహిష్టుపై ఆశ వదులుకున్న స్త్రీల ఇద్దత్ గడువు మూడు నెలలని చెప్పబడింది. ఆ ఆశ ఏ వయసులో వదులుకున్నట్లు? హంబలీ పండితులు 50 అన్నారు. హనఫీ పండితుల ఫత్వా 55పై ఉంది. షాఫిఈ పండితుల ప్రసిద్ధ అభిప్రాయం 62. ఈ భేదం ఎందుకు వచ్చింది? తమ తమ ప్రాంతాల స్త్రీల ఆరోగ్యస్థితిని పరిశీలించి చెప్పారు గనుక. అంటే వయసు హద్దు అనేది అనుభవం మీద, పరిశీలన మీద ఆధారపడి నిర్ణయించదగినదేనని మన పూర్వీకులు ఆచరణలో చూపించారు.

కనుక నేటి ప్రభుత్వం వైద్యుల సలహాపై 50, 55 అని ఒక హద్దు గీస్తే అది ధర్మానికి విరుద్ధం కాదు. పాపకార్యం చేయమని ఆదేశించనంతవరకు, ప్రజాశ్రేయస్సు కోసం పెట్టిన కట్టుబాటును పాటించడం ముస్లిం బాధ్యత.

సంఖ్య కంటే ముందు వచ్చే ప్రశ్న

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1978 జూలై 25న ఇంగ్లండులో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టింది. అదే ఏడాది అక్టోబరు 3న మన కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో మరో ఆడపిల్ల పుట్టింది. ఆ వెంటనే ముస్లిం పండితులు దీనిని పరిశీలించారు. 1980లో ఈజిప్టు నుండి షేఖ్ జాదుల్ హఖ్ ఫత్వా వెలువడింది. 1986 అక్టోబరులో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో జరిగిన ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ సమావేశం ఏడు పద్ధతులను చర్చించింది. ఐదింటిని నిషేధించి, రెండింటిని అవసరాన్ని బట్టి, జాగ్రత్తలతో అనుమతించింది.

అనుమతించిన రెండూ ఇవి: భర్త వీర్యకణాన్ని భార్య అండంతో బయట కలిపి తిరిగి ఆ భార్య గర్భంలోనే ప్రవేశపెట్టడం, భర్త వీర్యాన్ని నేరుగా భార్య గర్భంలోకి పంపడం. నిషేధించిన ఐదింటిలో పరాయి పురుషుని వీర్యం, పరాయి స్త్రీ అండం, పరాయి స్త్రీ గర్భం ఏదో ఒకటి కలుస్తుంది. ఇద్దరు భార్యలున్న వాని విషయంలో ఒకరి అండాన్ని మరొకరి గర్భంలో ఉంచడాన్ని కూడా పండితులు తిరస్కరించారు. కారణం ఒక్కటే: బిడ్డ వంశం కలుషితం కారాదు, తల్లి ఎవరన్నది సందేహంలో పడరాదు. ఇరాన్‌లోని కొందరు షియా పండితులు దాతల విషయంలో వేరే అభిప్రాయం చెప్పారు. సున్నీ ధర్మపండితుల సమావేశాలు మాత్రం అంగీకరించలేదు.

ఇప్పుడు పాఠకులు పైన చెప్పిన వైద్య విషయాన్ని దీనితో జోడించి చూడాలి. 45 దాటాక సొంత అండంతో ఫలితం దాదాపు లేదు. 50 దాటిన వారికి పుట్టే బిడ్డలు ఇంచుమించు అందరూ దాత అండంతో పుట్టేవారే. దాత అండం ధర్మసమ్మతం కాదు. అంటే ముస్లిం దంపతులకు "50 ఏళ్లా, 55 ఏళ్లా" అన్న ప్రశ్న రాకముందే, "అండం ఎవరిది?" అన్న ప్రశ్న వద్దనే దారి తేలిపోతుంది. చట్టం దాత అండాన్ని అనుమతించవచ్చు. చట్టం అనుమతించినదల్లా హలాల్ కాదు. అలాగే చట్టం ఒంటరి స్త్రీకి కూడా ఈ చికిత్సకు వీలు కల్పించింది. షరీఅత్‌లో మాత్రం నికాహ్ బంధం నిలిచి ఉండాలి. భర్త మరణించాక, తలాఖ్ అయ్యాక అతని వీర్యంతో, దాచిన పిండంతో గర్భం ధరించడానికి ధర్మపండితులు అనుమతించలేదు.

మరి వయసులో ఉన్నప్పుడు దంపతులు తమ పిండాలనే దాచుకుని ఉంటే? దాచడం గురించి పండితులలో భిన్నాభిప్రాయాలున్నాయి. అలాంటి స్థితిలో ఉన్నవారు తమ నివేదికలతో నమ్మకమైన ముఫ్తీని, నిజాయితీపరురాలైన వైద్యురాలిని ఇద్దరినీ సంప్రదించాలి. అక్కడ వంశం ప్రశ్న ఉండదు. హాని ప్రశ్న ఉంటుంది.

హాని, బిడ్డ హక్కు

హాని చేయరాదు, హానికి బదులు హాని కూడా తగదు అన్నది దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నేర్పిన గొప్ప సూత్రం (ఇబ్నె మాజా). తల్లి ప్రాణానికి ముప్పు ఉందని వైద్యులు చెప్పినప్పుడు లేని బిడ్డ కోసం ఉన్న ప్రాణాన్ని పందెం కాయడం వివేకం కాదు.

మీలో ప్రతి ఒక్కరూ ఒక కాపరి, ప్రతి ఒక్కరూ తన సంరక్షణలోని వారి గురించి ప్రశ్నించబడతారని కూడా ఆయన హెచ్చరించారు. ఇస్రా సూరాలో తల్లిదండ్రుల కోసం సంతానం చేయవలసిన వేడుకోలు ఉంది. చిన్నతనంలో వారు తనను పెంచినట్లే ప్రభువు వారిని కరుణించాలని బిడ్డ ప్రార్థించాలి. అంటే పెంచడం ముందు, సేవ తరువాత. పాలు తాగే బిడ్డ పక్కనే ఊయల, మంచం పట్టిన తండ్రి పక్కనే మందుసీసాలు ఉన్న ఇంట్లో ఆ వరుస తలకిందులవుతుంది. "డబ్బు నాది, నా ఇష్టం" అన్న మొదటి మాటకు ఇదే సమాధానం. బిడ్డ మన ఇష్టం తీర్చే వస్తువు కాదు, మన వద్ద ఉంచబడిన అమానతు.

అయితే ఎవరి ఆయుష్షు ఎంతో ఎవరికీ తెలియదన్నది నిజమే. 25 ఏళ్ల తల్లి కూడా చనిపోవచ్చు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) స్వయంగా తండ్రిని చూడలేదు. ఆరేళ్ల వయసులో తల్లిని కోల్పోయారు. కాని దైవనిర్ణయం వల్ల అనాథ కావడం వేరు, తెలిసి తెలిసి ఒక బిడ్డను అనాథత్వం అంచున నిలబెట్టడం వేరు.

ఇక నాలుగో మాట. ఆడవారికి ఒక న్యాయం, మగవారికి మరో న్యాయం అన్న ఫిర్యాదులో కొంత నిజముంది. గర్భం మోసేది స్త్రీ కనుక ఆమె దేహం విషయంలో జాగ్రత్త ఎక్కువ ఉండటం సహజం. కాని బిడ్డను పెంచే బాధ్యతలో తండ్రి వయసు లెక్కకు రాదనడం అన్యాయం. పెద్ద వయసులో సంతానం కోసమంటూ, ఇన్నేళ్లు తోడున్న భార్యను కుమిలిపోయేలా చేసి, చిన్న వయసు పిల్లను చేసుకోవాలని చూసేవారు ఈ కాపరి హదీసును మరొకసారి చదవాలి. లోపం తమలోనే ఉందేమో పరీక్ష కూడా చేయించుకోని మగవారు మనలో ఎందరో!

ఆలస్యానికి బాధ్యులెవరు?

"ఈ వయసులో ఇదేం ఆశ?" అని నవ్వే రెండో వర్గాన్ని ఒక ప్రశ్న అడగాలి. ఆ స్త్రీకి పెళ్లి ఎప్పుడైంది? మన సమాజంలో కట్నం, జోడా డబ్బు, సామాను, ఫంక్షన్ హాలు ఖర్చు కూడక 30 దాటినా ఇంట్లో ఉండిపోయిన ఆడపిల్లలు ఎందరున్నారు? 34 ఏళ్లకు నికాహ్, రెండేళ్లు దర్గాల చుట్టూ, తాయెత్తుల చుట్టూ, మరో నాలుగేళ్లు నాటు మందులు. 40 ఏళ్లకు డాక్టరు గడప తొక్కేసరికి ఆలస్యమైపోయింది. అప్పుడు మనం ఆమెను చూసి నవ్వుతాం! వయసు హద్దు గురించి మాట్లాడే హక్కు మనకు రావాలంటే ముందు ఆ వయసును మింగేసిన దురాచారాలను మానుకోవాలి. నికాహ్‌ను సులభం చేయడం కూడా సంతానలేమికి ఒక చికిత్సే.

సంతానం లేనివారి గౌరవం

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సతీమణులలో హజ్రత్ ఖదీజా (రజియల్లాహు అన్హా) ద్వారా ఆయనకు సంతానం కలిగింది. హజ్రత్ మారియా (రజియల్లాహు అన్హా)కు హజ్రత్ ఇబ్రాహీమ్ పుట్టి పసితనంలోనే పోయారు. హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా)కు బిడ్డలు లేరు. ఆమెకు తన అక్క కుమారుడు అబ్దుల్లాహ్ పేరున ఉమ్మె అబ్దుల్లాహ్ అనే గౌరవనామం ఉండేది. ఆమెను ఎవరూ గొడ్రాలనలేదు. విశ్వాసులందరికీ ఆమె తల్లి. వేలాది హదీసులను సమాజానికి అందించిన గురువు. సంతానం లేని సోదరీమణులకు ఇంతకంటే గొప్ప ఊరట ఏముంటుంది?

అనాథ సంరక్షకుడు స్వర్గంలో తనకు చేతి రెండు వేళ్లంత దగ్గరగా ఉంటాడని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సైగ చేసి చూపారు (బుఖారీ). దత్తత పేరుతో బిడ్డ కన్నతండ్రి పేరును చెరిపేయడాన్ని అహ్‌జాబ్ సూరా నిషేధించింది. కాని బిడ్డను తెచ్చుకుని పెంచడం, చదివించడం, పెళ్లి చేయడం పుణ్యకార్యం. ఇందులో మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. బిడ్డ తండ్రి పేరు అలాగే ఉంచాలి. పెద్దయ్యాక పరదా సమస్య రాకుండా, భర్త తరఫున అయితే అన్నదమ్ముల లేక అక్కచెల్లెళ్ల కూతురిని, భార్య తరఫున అయితే అన్నదమ్ముల లేక అక్కచెల్లెళ్ల కొడుకును తెచ్చుకోవడం మేలు. వారసత్వ హక్కు రాదు గనుక ఆస్తిలో మూడో వంతు మించకుండా వసీయత్ రాయవచ్చు.

ఆ దంపతులకు చెప్పిన జవాబు

మస్జిదు అరుగు మీద కూర్చున్న ఆ సోదరునికి మూడు మాటలు చెప్పాను. దాత అండం హలాల్ కాదు. వయసు తప్పుగా రాయించడం అబద్ధం, మోసం, నేరం. అబద్ధంతో మొదలైన చికిత్సలో శుభం ఉండదు, ప్రాణాపాయం వస్తే డాక్టరు కూడా తప్పుడు వయసు చూసి తప్పుడు మందు ఇవ్వగలడు. పొలం అమ్మవద్దు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "అయితే మా ఆవిడకు ఏం చెప్పను?" అన్నారు చివరకు. ఆ ప్రశ్నకు నా వద్ద ఫత్వా లేదు. "ముందు నవ్వేవారి నోరు మూయించండి. తరువాత ఆమె పక్కన కూర్చోండి" అన్నాను.

ఆరు నెలలకు ఆయన మళ్లీ కనిపించారు. చనిపోయిన తమ్ముని చిన్న కూతురు ఇప్పుడు వారింట్లో ఉండి బడికి వెళుతోందట. "ఆమె ఏడుపు పూర్తిగా ఆగలేదు మౌలానా సాబ్. కాని పొద్దున్నే జడలు వేస్తూ ఉంటే ఆ కాసేపు మరచిపోతుంది" అన్నారు. దుఃఖం పోయిందని మనం అబద్ధం చెప్పనవసరం లేదు. దుఃఖంతో పాటు నడవగలిగే దారి దొరకడం కూడా అల్లాహ్ కారుణ్యమే.

ఈ పాఠం సారాంశం

1. ఏ వయసులోనైనా సంతానాన్ని కోరుకోవడం, దుఆ చేయడం తప్పు కాదు. కోరుకునేవారిని ఎగతాళి చేయడం తప్పు.

2. సంతానలేమి వ్యాధి వల్ల అయితే వైద్యం ధర్మసమ్మతం. పెళ్లయి ఏడాది గడిచినా గర్భం నిలవకపోతే, భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే, ఇద్దరూ కలిసి డాక్టరును కలవాలి. భర్తకు కూడా పరీక్ష తప్పనిసరి.

3. నికాహ్ నిలిచి ఉన్న దంపతుల వీర్యం, అండం, ఆ భార్య గర్భం, ఈ మూడింటికి వెలుపల వ్యక్తిని చేర్చడం నిషిద్ధం.

4. షరీఅత్‌లో వయసు సంఖ్య లేదు. కాని హాని చేయరాదన్న సూత్రం ఉంది. మన దేశ చట్టం పెట్టిన 50, 55 హద్దులను మోసంతో దాటరాదు.

5. నికాహ్‌ను ఆలస్యం చేసే కట్నకానుకల దురాచారాన్ని మానాలి.

6. సంతానం లేని దంపతులకు సమాజంలో గౌరవం దక్కాలి. అనాథ సంరక్షణ వారికి తెరిచి ఉన్న గొప్ప ద్వారం.

పాఠకులు ఈ ఆరు విషయాలను ఇంట్లో చదివి వినిపించాలని మనవి. ముఖ్యంగా కోడళ్లను మాటలతో గాయపరిచే ఇళ్లలో చదవాలి.

ఓ ప్రభూ! సంతానం కోసం తపించే వారికి సద్వర్తనులైన సంతానాన్ని ప్రసాదించు. నీ నిర్ణయం మరోలా ఉన్న వారికి సంతృప్తిని, సహనాన్ని, అంతకంటే మేలైన ప్రతిఫలాన్ని ప్రసాదించు. మా నాలుకలను ఇతరుల గాయాల నుండి దూరంగా ఉంచు. ఆమీన్.